పొజ్జా బాబాయ్, నాలుగో నంబరు డోజర్

ఏ డోజర్ ఎక్కువ లాగుతుంది? ఈ ఒక్క ప్రశ్న మీద మా నాన్న, పొజ్జా బాబాయ్ కలిసి ముప్పై ఏళ్ళు గడిపేశారు. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. మీరే చెప్పండి, ఆదివారం మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామంటే ముందుగదిలో ఇద్దరు పెద్దమనుషులు బల్ల గుద్దుకుంటూ ఇంజన్ల గురించి అరుచుకుంటుంటే ఎవరికి కోపం రాదు? పైగా మధ్యమధ్యలో "దేవిశ్రీ, రెండు టీలమ్మా" అని కేకలు.

మాది కిరందుల్. నాన్న చక్రధరరావు పాతికేళ్ళ వయసులో శ్రీకాకుళం నుంచి ఇనుప గనిలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. డోజర్ ఆపరేటర్. అంటే చైన్ల మీద నడుస్తూ, ముందున్న పెద్ద ఇనప రేకుతో మట్టిని తోసి, వెనక కొక్కేనికి ఏది కడితే దాన్ని లాక్కొచ్చే బండి తోలేవాడు. పొజ్జా బాబాయ్‌దీ అదే పని. కానీ ఆయన ఈ నేల మనిషి. భోపాల్‌పట్నం అవతల ఓ దోర్ల గిరిజన రైతు ఇంట్లో పుట్టాడు. ఇంట్లో దోర్లి, సంతలో హల్బీ, ఆఫీసులో హిందీ, మా ఇంట్లో తెలుగు. నాలుగు భాషల్లోనూ తక్కువే మాట్లాడేవాడు, ఒక్క డోజర్ల విషయం తప్ప.

ఇరవై రెండేళ్ళప్పుడు హెల్పరుగా చేరి, మొదటి రోజే నాలుగో నంబరు డోజర్ చైన్లలో ఇరుక్కున్న బురద గీకే పనిలో పడ్డాడట. ఆరేళ్ళు గీకాడు. ఆ తర్వాత అదే బండి సీటెక్కి, రిటైరయ్యేదాకా దిగలేదు. మధ్యలో కొత్త బండ్లు వచ్చాయి. ఏసీ క్యాబిన్లున్నవి కూడా వచ్చాయి. ఇస్తామంటే వద్దన్నాడు. "దాని ఊపిరి నాకు తెలుసు, నా ఊపిరి దానికి తెలుసు" అని ఆఫీసరు ముందు చెప్తే, ఆయన నవ్వి ఫైలు మూసేశాడట. ఈ మాట నాన్న చెప్పి మరీ ఎగతాళి చేసేవాడు. తను మాత్రం తొమ్మిదో నంబరుని పెళ్ళాంకన్నా ఎక్కువగా చూసుకునేవాడు. ఇది నేనన్న మాట కాదు, మా అమ్మ అప్పలకొండమ్మ అన్నది.

గొడవేమిటో మీకూ చెప్పాలి. నాలుగో నంబరు బాగా పాతకాలం బండి. క్లచ్ కాలితో కాదు, చేతితో లాగాలి. ఇంజన్ బలమంతా గేర్ల మీదుగా నేరుగా చైనుకి వెళ్తుంది. బరువు మించితే గుక్కతిప్పుకోలేక ఇంజన్ ఆగిపోతుంది. తొమ్మిదో నంబరు దానికంటే పదేళ్ళు చిన్నది. అందులో ఇంజనుకీ చైనుకీ మధ్య నూనెతో తిరిగే చక్రం ఒకటుంటుంది. దాని ఇంజన్ ఆగదు. బరువు మించితే చైన్లే నేలమీద జారి గీరుకుంటాయి.

"ఇంజన్ బలం సీదా చైనుకు పోతది, మధ్యల ఎవ్వడు లేడు" అని బాబాయ్.

"ఆ మధ్యలో ఉన్నోడే బలం పెంచుతాడ్రా, నీకేటి తెల్సు" అని నాన్న.

ఇంతే. ఈ రెండు వాక్యాలకే ముప్పై ఏళ్ళు టీలు కాచాను.

ఒక వానాకాలం నాన్న నీళ్ళ ట్యాంకరులో కొండ దిగుతుంటే దారి అంచు జారిపోయింది. ట్యాంకరు సగం లోయ వైపు వేలాడింది. లోపల నాన్న, డ్రైవరు. తలుపు తీస్తే బరువు మారి పడిపోతామని కదలకుండా కూర్చున్నారట. బాబాయ్ నాలుగో నంబరుని తెచ్చి, ఇనప తాడు కట్టి, బెత్తెడు బెత్తెడుగా లాగి వాళ్ళని పైకి తెచ్చాడు. దానికి గంటన్నర పట్టింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన నాన్న స్నానం చేసి, అన్నం తిని, బాబాయ్ ఎదురుగానే అన్న మాట ఏమిటో తెలుసా? "తొమ్మిదో నంబరైతే ముప్పావుగంటలో లాగీసును." నాకప్పుడు పదకొండేళ్ళు. పళ్ళెం విసిరికొడదామన్నంత కోపం వచ్చింది. బాబాయ్ మాత్రం కడుపు పట్టుకుని నవ్వాడు. పీడకల వచ్చినప్పుడల్లా నాన్న అర్ధరాత్రి లేచి కూర్చుని పొజ్జా పేరే పిలిచేవాడని అమ్మ నాకు చాలా ఏళ్ళకి చెప్పింది.

బాబాయ్ దగ్గర ఒక విచిత్రం ఉండేది. ఆయన ఉత్తకాళ్ళతో బండి తోలేవాడు. గనిలో బూట్లు లేకపోతే ఊరుకోరు. అందుకని బండి దాకా బూట్లతో వచ్చి, ఎక్కాక విప్పి సీటు కింద పెట్టేవాడు. మూడుసార్లు మెమో తిన్నాడు. "బూటేసుకుంటే నేల చెప్పేది వినబడదు" అనేవాడు. చిన్నప్పటినుంచి బురదలో నాగలి వెనక నడిచిన కాళ్ళు. చైను జారబోయే ముందు పాదం కింది రేకు వణుకు మారుతుందట. అది జారాక అందరికీ తెలుస్తుంది. జారబోయే ముందు ఆయనకే తెలిసేది. నాన్న దీన్ని కూడా ఒప్పుకునేవాడు కాదనుకోండి.

నాన్న రిటైరయ్యాడు. నాలుగేళ్ళకు బాబాయ్ కూడా రిటైరై ఊరికి వెళ్ళి వరి వేసుకుంటున్నాడు. ఆయన భార్య హిడ్మే పిన్ని ఇప్పపువ్వు ఏరి, చింతపండు కొట్టి, మాకో బుట్ట తప్పకుండా పంపుతుంది. గొడవ మాత్రం ఫోన్లో సాగుతూనే ఉంది. ఆ రెండు డోజర్లు గని షెడ్డు వెనక తుప్పు పడుతూ ఉండిపోయాయి.

కిందటి దసరా అయ్యాక గీదం నుంచి ముకేష్ అనే మట్టిపనుల కాంట్రాక్టరు నాన్నకి ఫోన్ చేశాడు. వేలంలో ఆ రెండు డోజర్లనీ కొన్నాడట. మెకానిక్కుల్ని పెట్టి రెండింటినీ నడిచేలా చేశాడట. చెరువుల పనికి, పొలాల్లో బండలు పీకడానికి తనకి ఒక్క డోజరు చాలు. "రావ్‌జీ, రెండు ముసలి ఏనుగుల్ని నేను మేపలేను. ఎక్కువ లాగేది ఉంచుకుంటా, రెండోది గ్యాస్ కట్టరుతో కోయించి ఇనుము అమ్మేస్తా. ఏది ఎక్కువ లాగుద్దో మీ ఇద్దరినీ అడగమన్నారు అందరూ. పొజ్జా దాదాకీ చెప్పాను, రేపు ఇద్దరూ వచ్చి లాగించి తేల్చండి."

నాన్న ఫోన్ పెట్టేశాడు. నేను సంబరపడతాడనుకున్నాను. ముప్పై ఏళ్ళ గొడవ తేలిపోయే రోజు కదా! ఆయన మాత్రం "దాన్ని కోసేస్తాడంటమ్మా" అన్నాడు. దేన్నో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఎంత అరిచినా, తొమ్మిదో నంబరే ఎక్కువ లాగుతుందన్న నమ్మకం ఆయనకి మనసులో గట్టిగా ఉంది. అంటే కోసేది నాలుగో నంబరునే.

మర్నాడు పొద్దున్నే నాన్నని కారులో కూర్చోబెట్టుకుని గీదం తీసుకెళ్ళాను. బాబాయ్ బస్సులో అప్పటికే వచ్చేశాడు. ముకేష్ యార్డులో నాలుగో నంబరు పక్కన నిలబడి, రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి ఉన్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి. మమ్మల్ని చూసి చెయ్యి తీసేశాడు, ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు.

"ఏంది బిడ్డ, చిక్కిపోయినవ్" అన్నాడు నాతో. నేను చిక్కడమేమిటి! ఆయనకి నేనెప్పుడూ చిక్కిపోయినట్టే కనిపిస్తాను. అందుకే నాకు ఆయనంటే అంత ఇష్టం.

ముకేష్ ఏర్పాటు బాగానే చేశాడు. పాడైపోయిన డంపరు తొట్టె ఒకటి నేలమీద బోర్లించకుండా పెట్టి, దానికి ఇనప తాడు కట్టించాడు. అందులో జేసీబీ బకెట్లతో బండరాళ్ళు పోస్తారు. డోజర్ దాన్ని తన చైను పొడవు దూరంలో గీసిన గీత దాటేదాకా లాగాలి. లాగితే ఇంకో బకెట్ పోస్తారు. ఎన్ని బకెట్ల దగ్గర ఆగిపోతే అదీ దాని బలం. ఒకే తొట్టె, ఒకే రాళ్ళు, ఒకే నేల. ముందు ఒక డోజరు, తర్వాత మరోటి.

"రెండూ సమానమొస్తే?" అని నాన్న అడిగాడు.

"సమానమైతే డీజిల్ తక్కువ తాగేది ఉంచుకుంటా." డీజిల్ తక్కువ తాగేది నాలుగో నంబరే. నాన్న మొహం కాస్త తేటపడింది.

బాబాయ్ నాలుగో నంబరు మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగాడు. "రావన్న, రివాజు ఉంది గదా."

నాన్న తలదించుకున్నాడు. ఆ రివాజు నాకూ తెలుసు. గనిలో రెండు బండ్లని పోల్చాల్సొస్తే ఎవరి బండి వాళ్ళు తోలకూడదు. ఒకరి బండి ఒకరు ఎక్కాలి. ఓడినవాడు ఆపరేటరు మీద నింద వెయ్యకుండా, గెలిచినవాడు గొప్పలకు పోకుండా పాత ఆపరేటర్లు పెట్టుకున్న పద్ధతి అది. ముకేష్‌కి ఆ సంగతే తెలీదు. వీళ్ళిద్దరూ నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఈ మనుషులకి అలాంటి తెలివితేటలు ఎక్కడివి!

అలా నాన్న నాలుగో నంబరు ఎక్కాడు. డెబ్బై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి, వెనకనుంచి నేను దాదాపు ఎత్తి కూర్చోబెట్టాను. తాడు తెగితే మనిషి రెండు ముక్కలవుతాడని నన్ను దూరంగా లారీ వెనక నిలబెట్టారు.

ఇంజన్ పొగ కక్కి అందుకుంది. ఎనిమిది బకెట్లు, తొమ్మిది, పది. నాన్న క్లచ్ లివరు మీద రెండు చేతులూ వేసి, బండిని గదమాయించకుండా బతిమాలుతున్నట్టుగా తోలాడు. ముప్పై ఏళ్ళు తిట్టిన బండిని అంత మర్యాదగా తోలడం చూడ్డానికి నేను లారీ చాటునుంచి తల బయటపెట్టాను. పదకొండు లాగింది. పన్నెండు కూడా, చైను మీద చైను లెక్కపెడుతున్నట్టు నెమ్మదిగా, గీత దాటించింది. పదమూడో బకెట్ పోశాక తాడు బిగుసుకుంది. ఇంజన్ మూలిగి, వణికి, ఆగిపోయింది. నాన్న మళ్ళీ స్టార్టు చేశాడు. మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి ముకేషే చెయ్యి అడ్డంగా ఊపాడు.

నాలుగో నంబరు పన్నెండు బకెట్లు.

నాన్న దిగి నా పక్కకొచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది. "పన్నెండంటే మాటలు కాదమ్మా. నాను తొమ్మిదో నంబరు మీద ఎన్నడూ అంత లాగనేదు. దాని చైన్లు జారిపోతాయి. సమానమైనా మనోడే గెల్సినట్టు" అన్నాడు. 'మనోడు' అన్నది నాలుగో నంబరుని! నేను నవ్వు ఆపుకున్నాను.

బాబాయ్ తొమ్మిదో నంబరు ఎక్కి, చెప్పులు విప్పి సీటు కింద పెట్టాడు. ఆ బండిలో కుడికాలి కింద ఒక పెడల్ ఉంటుంది. కారులోలాగా కాదు. అది నొక్కితే ఇంజన్ వేగం తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. ఇక్కడ మీకు ఒక్క సంగతి అర్థం కావాలి. తన బండిని బతికించుకోవడానికి బాబాయ్ చెయ్యాల్సింది చాలా చిన్న పని. చివరి బకెట్ దగ్గర ఆ పెడల్ మీద పాదం ఒక వేలెడు ఎక్కువ నొక్కడం. చూసేవాళ్ళెవరికీ తెలియదు, మా నాన్నకి తప్ప. నాన్న దాన్ని కళ్ళకద్దుకునేవాడు.

పది, పదకొండు, పన్నెండు. అన్నీ లాగేసింది. సమానం. ఇక్కడితో ఆగితే నాలుగో నంబరు బతుకుతుంది. నేను మనసులో దేవుళ్ళందరికీ పేరుపేరునా దణ్ణం పెట్టాను.

పదమూడో బకెట్ పడింది. తాడు బిగిసింది. చైన్లు సర్రున గీరుకున్నాయి, ఎర్రమట్టి వెనక్కి ఎగిరింది. తొట్టె కదల్లేదు.

"ఐపోయింది, ఐపోయింది! చాలు పొజ్జా, దిగిపో!" అని నాన్న లారీ వెనకనుంచి అరిచాడు. తన బండి ఓడిపోవాలని ఆయన అంత గట్టిగా అరవడం నేను చూస్తానని కలలో కూడా అనుకోలేదు.

బాబాయ్ దిగలేదు. బండిని కొంచెం వెనక్కి పోనిచ్చి, గీరుకున్న గుంటలు తప్పించి, జానెడు పక్కకి నిలబెట్టాడు. తాడు మళ్ళీ మెల్లిగా బిగించాడు. ఈసారి ఇంజన్ హోరెత్తలేదు. శబ్దం పెరిగేది, అంతలోనే తగ్గేది. మళ్ళీ పెరిగేది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ పాదం పెడల్ మీద నొక్కీ నొక్కనట్టు, వదిలీ వదలనట్టు ఆడుతోంది. చైను జారబోయే ప్రతిసారీ జారకముందే పట్టుకుంటున్నాడు. తొట్టె కిర్రుమంది. బెత్తెడు కదిలింది. ఇంకో బెత్తెడు. నాన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు, తొట్టె గీత దాటింది.

పద్నాలుగో బకెట్‌కి తొమ్మిదో నంబరు కూడా లొంగిపోయింది. అయినా దానితో ఇంక పనేముంది?

యార్డులో కుర్రాళ్ళు ఈలలేశారు. ముకేష్ వచ్చి బాబాయ్ భుజం తట్టి, "క్యా బాత్ హై దాదా! తొమ్మిది పాస్" అన్నాడు. బాబాయ్ చెప్పులు వేసుకుని దిగాడు. ఎవరినీ చూడకుండా మొహం తుడుచుకున్నాడు.

నాన్న కుంటుకుంటూ ఆయన మీదకి వెళ్ళాడు. నిజంగా కొడతాడనుకున్నాను.

"ఏట్రా నువ్వు సేసింది? ఆ బండి పన్నెండు దాటి లాగదని నాకు తెల్సు. ఇరవై ఏళ్ళు తోలినోణ్ణి నాను! లాగింది బండి కాదు, నీ కాలు. ముకేష్! ఈ పందెం చెల్లదు. ఇది ఆపరేటరు పనితనం, బండి బలం కాదు."

"లాగింది గదా రావన్న. అందరు చూసిన్రు."

"కొంచెం నొక్కితే సరిపోను కదరా! వేలెడు. ఎవడు చూశాడు?"

బాబాయ్ మొదటిసారి నాన్న కళ్ళలోకి చూశాడు. "నువ్వు నా బండి మీద కూసొని పానం పెట్టి లాగినవ్. నీ బండిని నేను నా కాలితోని తక్కువ చెయ్యాల్నా?"

ముప్పై ఏళ్ళలో మొదటిసారి మా నాన్న గొడవ మానేసి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తన బండి గెలిచిన మనిషి అలా పసిపిల్లాడిలా వెక్కి ఏడవడం నేనెక్కడా చూడలేదు. నేనూ ఏడ్చాను. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. నాకు ముకేష్ మీద కోపం వచ్చింది, రివాజు పెట్టిన ఆ పాత ఆపరేటర్ల మీద కోపం వచ్చింది, ఇంత మంచివాడైనందుకు బాబాయ్ మీద అన్నిటికన్నా ఎక్కువ కోపం వచ్చింది.

ముకేష్ చెడ్డవాడు కాదు. నాన్న చెప్పింది ఓపిగ్గా విన్నాడు. కానీ లాగినది లాగినట్టు కళ్ళెదుట ఉంది. తొమ్మిదో నంబరు ఎలా తోలాలో తన కుర్రాళ్ళకి నేర్పమని బాబాయ్‌నే అడిగాడు. బాబాయ్ సరేనన్నాడు. నాలుగో నంబరుని కోసేవాళ్ళు మర్నాడు పొద్దున వస్తారని చెప్పి, ముకేష్ టీ తెప్పించాడు.

టీ తాగాక బాబాయ్ యార్డు మెకానిక్కు దగ్గరికి వెళ్ళి గ్రీజు గన్ అడిగి తెచ్చుకున్నాడు. నాలుగో నంబరు పక్కన గొంతుకూర్చుని, చైను రోలర్లకి ఒక్కొక్కదానికి గ్రీజు కొట్టడం మొదలుపెట్టాడు. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా నోరు ఊరుకోదు కదా.

"రేపు కోసేసే బండికి గ్రీజెందుకు బాబాయ్?"

"కోసేది రేపు గదా బిడ్డ" అన్నాడు తల ఎత్తకుండా. "ఇయ్యాల ఇది నడిచే బండి."

నాన్న నొప్పి మోకాళ్ళతో మెల్లగా రెండోవైపు చైను దగ్గర నేలమీద కూలబడి, మట్టి పట్టిన రోలర్లని తన తువ్వాలుతో తుడవసాగాడు. నేను మెకానిక్కు దగ్గరికి వెళ్ళి, నాన్న కోసం ఇంకో గ్రీజు గన్ అడిగి తెచ్చాను.